అమ్మ తాగని పాలు

కుదురుగా కూర్చుని ఈ నాలుగు మాటలు రాయడానికి నాకు రెండేళ్లు పట్టింది. కుదురు నాకు పుట్టుకతోనే లేదని మా అమ్మ అంటుంది. ఉన్న కాస్త కుదురూ 1974 వానాకాలంలో పోయింది. అక్కణ్ణించి పది నెలలపాటు, మధ్యలో కొన్నాళ్లు తప్ప, ఏ కుర్చీలోనూ అరగంట నిమ్మళంగా కూర్చోలేదు. ఎవరింటికి వెళ్లినా ముందు పెరటి దారి ఎటుందో చూసుకుని, తర్వాతే మనుషుల మొహాలు చూసేదాన్ని. సిగ్గుపడి దాచుకునే జబ్బులే మనిషిని ఎక్కువ తింటాయి. మీ ఇంట్లో ఎవరైనా ఇలాగే దాచుకుని తిరుగుతున్నారేమో, వాళ్లకోసం రాస్తున్నాను. కొంత నాకోసం కూడా అనుకోండి. ఇప్పటికీ అప్పుడప్పుడూ కారణం లేకుండా ఉలిక్కిపడి లేస్తుంటాను.

నా పేరు ఎస్తేరు. బెజవాడ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో, ఊళ్ల మధ్య కాల్స్ కలిపే ట్రంకు బోర్డు మీద ఆపరేటరుని. మా ఆయన ప్రభాకర్ రైల్వే గూడ్సాఫీసులో గుమాస్తా. ఉండేది రైల్వే క్వార్టర్సులో. మా అమ్మ దీనమ్మ ఉయ్యూరు అవతల మా ఊళ్లోనే ఉంటుంది, తనూ, తన గేదే.

ఆ గేదె సంగతి చెప్పకపోతే ఈ కథ అర్థం కాదు. నా ఏడో ఏట మా నాన్న జబ్బుచేసి పోయాడు. పోయే ముందు గుక్కెడు పాలు అడిగితే ఇంట్లో లేవట. ఆ తర్వాత అమ్మ, కూలికి పోతూనే, ఆసామిగారి పెయ్యదూడని వాటాకి మేపి, అది ఈనాక తనది చేసుకుంది. దాని పాలు, ఆ తర్వాత దాని దూడ పాలు అమ్మి నన్ను చదివించింది. అమ్మగా మిగిలిన పాలు నాకు పోసి పెంచింది. తను మాత్రం చుక్క నోట్లో పోసుకునేది కాదు. "నాకెందుకే, నువ్వు తాగు" అనేది. ఒక ఏడు కోతపండగనాడు మా ఊరి పాస్టరుగారు ప్రసంగంలో ఆమెని లేపి నిలబెట్టారు. "ఇరవై యేళ్లుగా గేదెని మేపుతూ ఒక్క చుక్క రుచి చూడని తల్లిని చూడండి. త్యాగమంటే ఇది" అన్నారు. అందరూ కళ్లొత్తుకున్నారు. అమ్మ తలొంచుకుని కూర్చుంది. నేను గర్వంగా చుట్టూ చూశాను. అప్పటినుంచీ అయిదారుసార్లయినా ఆయన ఆ మాట చెప్పి ఉంటారు.

1974 జూలైలో, కాలవలకి కొత్తనీళ్లు వదిలిన వారం, ఊరికి వెళ్లి వచ్చి వాంతులూ విరేచనాలతో మంచం పట్టాను. మా ఊళ్లో సగంమందికి అదే జబ్బు. వాళ్లందరికీ తగ్గింది. నాకు తగ్గినట్టే తగ్గి తిరగబెట్టింది.

మా వైపు కడుపులో బాగాలేదంటే పథ్యం పెడతారు. కారం లేదు, కూర లేదు, పప్పు లేదు. పొద్దున పాలూ రొట్టె, మధ్యాహ్నం పల్చటి మజ్జిగన్నం, సాయంత్రం మళ్లీ పాలు. మొదట చూసిన డాక్టరు అదే చెప్పాడు. పక్క క్వార్టరావిడ అదే చెప్పింది. మా అమ్మకి వేరే చెప్పక్కర్లేదు. రోజూ ఫస్టు బస్సుకి పాలక్యాను ఎక్కించేది. కండక్టరుగారు దాన్ని తన సీటు కింద పెట్టి, తొణక్కుండా కాళ్లతో అదిమిపట్టుకుని తెచ్చేవారట. "అమ్మాయిగారికి ఎట్టా ఉందండీ?" అని మా ఆయన్ని అడిగి మరీ చేతికిచ్చేవారు. చిక్కటి పాలు, కాస్తే వేలు మందాన మీగడ. నేను తాగేదాన్ని. తాగిన గంటకి కడుపులో రుబ్బురోలు తిరిగేది. నీరసం వచ్చేది. నీరసం వచ్చిందని ఇంకో గ్లాసు పట్టేవాళ్లు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు చూడండి, నా పని అదే. అసలు జబ్బు వారంలో పోయింది. పథ్యమే నన్ను పది నెలలు నమిలింది. ఆ సంగతి అప్పుడు మాలో ఎవరికీ తెలియదు.

ట్రంకు బోర్డు ముందు కూర్చున్న మనిషి లేవాలంటే ఇంకో మనిషి వచ్చి కూర్చోవాలి. చెవులకి హెడ్‌సెట్టు, ఎదురుగా వెలుగుతూ ఆరుతూ దీపాలు, అవతల బందరునుంచి ఒకరు, ఏలూరునుంచి ఒకరు అరుస్తూ ఉంటారు. "మూడు నిమిషాలైందండీ, పొడిగిస్తారా?" అని మర్యాదగా అడుగుతూనే ఉండేదాన్ని, కుర్చీ కింద కాళ్లు మాత్రం ఒకదాన్నొకటి నలుపుకునేవి. పక్క సీటు సుభద్ర నా మొహం చూసి, నేను చెయ్యెత్తకముందే నా తీగలు కూడా తను అందుకునేది. కంకిపాడు పిల్ల. పొలాలున్న ఇంట్లో పుట్టినా గర్వం లేని మనిషి. సూపర్‌వైజరుగారు మాత్రం ఒకరోజు అందరిముందే, "ఎస్తేరుగారూ, మీరు బోర్డు చూడటానికి వస్తున్నారా, వరండా కొలవటానికా?" అన్నారు. నవ్వినవాళ్లు నవ్వారు. నేనూ నవ్వి, బాత్‌రూమ్‌లోకి పోయి ఏడ్చాను.

క్వార్టర్స్‌లో ఆడవాళ్లు "విశేషమా?" అని అడిగేవారు. పెళ్లయి రెండేళ్లయింది, వాంతులంటే వాళ్లకి అదొక్కటే తోస్తుంది. ఆరో నెల కూడా దాటి నేను చీపురుపుల్లలా అయ్యేసరికి అడగటం మానేశారు. అది చూసి నాకు ఇంకా భయం వేసింది.

మా ఆయన మంచివాడే, కానీ భయపడితే ఆయనకి కోపం వస్తుంది. "తిన్నది ఒంటబట్టకపోవటానికి నీ దిగులే కారణం" అని విసుక్కునేవాడు. ఒక సాయంత్రం అలా అన్నప్పుడు చేతిలో పాలగ్లాసు గోడకేసి కొట్టాను. ఇద్దరం కాసేపు గోడనే చూశాం. తర్వాత ఆయన నేల తుడిచాడు, నేను గ్లాసు కడిగాను, ఇంకో గ్లాసు పోసుకుని తాగాను. ఎందుకంటే అవి మా అమ్మ పంపిన పాలు. అవి పారబోస్తే పాపమని నాకు చిన్నప్పటినుంచీ ఒంట్లో ఇంకిపోయింది.

1975 జనవరిలో అమ్మా నేనూ పెద్దాసుపత్రికి వెళ్లాం. మా నాన్న కూడా ఇలాగే చిక్కి చిక్కి పోయాడు. ఆ మాట అమ్మా అనలేదు, నేనూ అనలేదు, కానీ ఇద్దరికీ అదే మనసులో ఉంది. ఎక్స్‌రే గది బయట పొడుగాటి బల్ల. దానిమీద మా పక్కన గన్నవరంనుంచి వచ్చిన ఒక పెద్దావిడ, మూటా ముల్లెతో. నేను నిమిషానికోసారి లేవటం చూసి, తను గోడవారకి జరిగి, "నువ్వు ఈ తలుపు పక్కన కూచోమ్మా, లేచి పోటానికి వీలుగా ఉంటది" అంది. ఆవిడ ఏ రోగంతో వచ్చిందో నేను అడగనైనా అడగలేదు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఫిల్ములో ఏమీ లేదన్నారు. సంతోషించాలి కదా! నాకు భయం రెట్టింపయింది. జబ్బుకి పేరుంటే పేరుపెట్టి తిట్టుకోవచ్చు. పేరు లేనిదాన్ని ఏం చేస్తాం? డాక్టరుగారు బలానికి టానిక్కు రాసి, "పాలు బాగా తాగమ్మా" అన్నారు. అమ్మ నావైపు చూసి, "విన్నావా" అంది.

ఫిబ్రవరిలో శ్రమదినాలు వచ్చాయి. ఈస్టరుకి ముందు నలభై రోజులు మావాళ్లు దేవుడికి మొక్కుకుని ఇష్టమైనదేదో మానుకుంటారు. చాలామంది మాంసం మానేస్తారు. నాకు మాంసం మీద పెద్ద యావ లేదు. దేవుణ్ణి మోసం చేయకూడదు కదా అని, నాకు ప్రాణమైనవి చూసుకున్నాను. కాఫీ, గడ్డపెరుగు, నెయ్యి, మీగడ. ఇవి మానేస్తాను ప్రభువా, నన్ను బతికించు అని మొక్కుకున్నాను. పెరుగూ కాఫీ మానేసి ఉత్త పాలు తాగితే మొక్కు సగం చేసినట్టుంటుందని పాలూ మానేశాను. అమ్మకి చెబితే మొహం మాడ్చుకుంది. కానీ మొక్కు అన్నాక ఎదురుచెప్పలేక, "సరేలే, నలభై రోజులేగా" అంది.

పదో రోజుకి కడుపులో గొడవ సద్దుమణిగింది. ఇరవయ్యో రోజుకి బోర్డు ముందు రెండు గంటలు ఏకబిగిన కూర్చున్నాను. సుభద్ర ఆశ్చర్యపోయి, "ఏంటి, ఈ రోజు వరండా చిన్నబోయినట్టుంది" అంది. చారన్నం, గోంగూర, వేపుడు, ఏది తిన్నా ఒంటబట్టింది. మా ఇంట్లో ఆనందం అంతా ఇంతా కాదు. దేవుడు మొర విన్నాడు అనుకున్నాం. ఇంకేమీ అనుకోవాలని మాకు తోచనే లేదు. మేం ఆ రకం మనుషులం.

ఈస్టరు ఆదివారం మా ఊరి చర్చిలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పాను. "నన్ను బాగుచేసిన దేవుడికి స్తోత్రం" అన్నాను. ఆడవాళ్లవైపు నుంచి "ఆమెన్" అన్నారు. పాస్టరుగారు నా తలమీద చెయ్యిపెట్టి ప్రార్థన చేశారు. ఇంటికి రాగానే అమ్మ గిన్నెడు పరమాన్నం ముందు పెట్టింది. నలభై రోజులు నోరు కట్టుకున్న బిడ్డ అని, నీళ్లు కలపని పాలతో వండింది. పైన గడ్డపెరుగన్నం. ఆ పైన గ్లాసుడు పాలు. ఆబగా తిన్నాను.

సాయంత్రం ఆరాధనకి గంట కొట్టే వేళకి నేను మా దొడ్లో ఉన్నాను. మళ్లీ మొదలైంది, మునుపటి కన్నా జోరుగా. పొద్దున సాక్ష్యం చెప్పిన నోటితో సాయంత్రం ఏం చెప్పను? చర్చినుంచి వచ్చిన ఆడవాళ్లు గడపలోనే ఆగి మా అమ్మతో, "విశ్వాసంలో ఎక్కడో లోపం ఉండుంటది దీనమ్మా" అన్నారు. అమ్మ ఏడ్చింది. నేను ఏడవలేదు. నాకు ఒళ్లుమండింది, ఎవరిమీదో తెలియకుండా.

ఏప్రిల్లో సుభద్ర నన్ను తనకి తెలిసిన ఒక ముసలి డాక్టరమ్మగారి దగ్గరికి తీసుకెళ్లింది. ఇంట్లోనే, వరండా పక్క గదిలో చూస్తారు. నా ఎక్స్‌రే, చీటీలు అన్నీ పక్కన పెట్టేసి, మొత్తం చెప్పమన్నారు. పది నెలల్లో నన్ను అలా అడిగిన మొదటి మనిషి ఆవిడే. సాక్ష్యం సంగతితో సహా చెప్పేశాను. నవ్వుతారేమో అనుకున్నాను. నవ్వలేదు.

"ఆ నలభై రోజులూ ఏమేం మానేశావు?"

"కాఫీ, పాలు, పెరుగు, నెయ్యి అండీ."

"ఈస్టరు రోజు ఏం తిన్నావు?"

చెప్పాను. ఆవిడ కలానికి మూత పెట్టేశారు.

"కొంతమంది ఒంటికి పాలు అరగవమ్మా. చిన్నప్పుడు అరిగినా పెద్దయ్యాక అరక్కపోవచ్చు. నీకు పేగులు దెబ్బతిని ఉన్నాయి, మరీ పడవు. మూడు నెలలు పాల చుక్క ముట్టకు. పెరుగు, మజ్జిగ, అన్నీ మానెయ్యి. మందు రాయను."

"మందు లేకుండా ఎలాగండీ?"

"ఇదే నీ మందు."

బయటికొచ్చాక నాకు నవ్వొచ్చింది. పసిపిల్లలు తాగేవి, పేషెంట్లు తాగేవి, అవి పడని మనిషుంటుందా? ఆ తర్వాత దిగులేసింది. అయితే దేవుడు నన్ను బాగుచేయలేదా? ఇంటికొచ్చి అదే అంటే, మా ఆయన, "నీచేత పాలు మానిపించింది ఆయనే కదా" అన్నాడు. ఆ ఏడాది మొత్తంమీద మా ఆయన నోటినుంచి వచ్చిన మంచిమాట అదే.

అమ్మకి కబురుచేస్తే మర్నాడే బస్సెక్కి వచ్చింది. "నా పాలు నీకు విషమంటన్నావా?" అంది గడపలోంచే. ఎంత చెప్పినా వినలేదు. నీళ్లు కూడా తాగకుండా వెళ్లిపోయింది. క్యాను మాత్రం రోజూ వస్తూనే ఉంది. ఆ పాలన్నీ మా ఆయన తాగాడు. రెండు నెలల్లో ఆయన చొక్కా గుండీలు పెట్టుకోలేక, "మీ అమ్మగారు నిన్ను వదిలేసి నన్ను పట్టుకున్నారు" అనేవాడు. నాకు నవ్వురాలేదు. అడకత్తెరలో పోకచెక్కనయ్యాను. ఒక పక్క బతకాలనుంది. ఇంకో పక్క ఆ క్యానుని చూస్తే అమ్మ ముఖాన తలుపేసినట్టుంది.

బాగుపడుతున్న కొద్దీ ఇంకో రకం అవస్థ. పెరుగు లేనిదే అన్నం ముగిసినట్టుండదు మనకి. చారన్నంతో చెయ్యి కడుక్కుని లేస్తే, ఏదో మర్చిపోయినట్టు వంటింట్లోకి రెండుసార్లు వెళ్లొచ్చేదాన్ని. పాలులేని కాఫీ రెండు రోజులు తాగి, మూడో రోజు మొక్కలకి పోశాను. కొబ్బరిపాలు పోసి చూశాను. కాఫీలో కూర వాసన వచ్చింది.

సుభద్ర వాళ్ల బాబాయికి ప్రకృతివైద్యం పిచ్చి. కాఫీ, పంచదార మానేసి, ఇంట్లోవాళ్లందరిచేతా మానిపించి, అందరి ఉసురూ పోసుకున్న మనిషి. ఆయన్ని కనుక్కొచ్చి సుభద్ర చెప్పింది. వేరుశెనగ గుళ్లు నానబెట్టి, పొట్టు పులిమేసి, మెత్తగా రుబ్బి, నీళ్లు పోసి గుడ్డలో వడకట్టాలిట. మా ఆయన పాత మంగళగిరి పంచె చించి వడకట్టాను. తెల్లగా పాలలాగే దిగాయి. నా సంతోషం చూడాలి! పొయ్యిమీద పెట్టి పక్కకి తిరిగేసరికి అడుగంటాయి. రెండోసారి కలుపుతూ కాస్తే పచ్చివాసన పోలేదు. మూడోసారి బాగా కుదిరాయని వేడి డికాషనులో పోస్తే విరిగిపోయాయి. మా ఆయన గ్లాసులోకి తొంగిచూసి, "తెల్లనివన్నీ పాలు కావని పెద్దవాళ్లు ఊరికే అన్నారా" అన్నాడు. డికాషను చల్లార్చి పోస్తే విరగవని నాకై నాకు తెలియడానికి ఇంకో వారం పట్టింది. ఆ రోజు కాఫీ తాగుతూ వంటింట్లో ఒక్కదాన్నే నిలబడి నవ్వుకున్నాను. ఏదో వేయించిన గింజల రుచి. కాఫీ అయితే కాదు, కానీ కాఫీకి దగ్గరి చుట్టం.

మూడు నెలల గడువు దాటినా భయంకొద్దీ పాల జోలికి పోలేదు, ఆగస్టుకల్లా ఒంటికి కాస్త కండ పట్టింది. సెప్టెంబరులో అమ్మ వచ్చింది, కోపం తగ్గి, నాలుగు రోజులుందామని. నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది. పొద్దున్నే రాగిజావ తనే కాచి ఇచ్చేది. డ్యూటీకి పోయేముందు తాగేదాన్ని. మూడో రోజు బోర్డు ముందు కూర్చుని ఉండగా మళ్లీ అదే తిప్పు. సుభద్ర ఆ రోజు సెలవు. చెయ్యెత్తితే చూసేవాళ్లు లేరు. బందరు పార్టీ "హలో, హలో" అని అరుస్తుండగానే హెడ్‌సెట్టు లాగి పడేసి పరుగెత్తాను. వెనకనుంచి సూపర్‌వైజరుగారు నా పేరు పిలవటం వినిపించింది. మర్నాడు మెమో ఇచ్చారు. కానీ ఆ రోజు నన్ను వణికించింది మెమో కాదు. పాలు మానేసినా తిరగబెట్టిందంటే ఇది నాన్న జబ్బే అనుకున్నాను. రిక్షాలో ఇంటికి వస్తూ, చచ్చిపోతానని మొదటిసారి నిజంగా నమ్మాను.

అమ్మా నేనూ ఆ సాయంత్రమే డాక్టరమ్మగారి వరండాలో కూర్చున్నాం. అమ్మ కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది. లోపల డాక్టరమ్మగారు, "ఏం తిన్నావు?" అన్నారు.

"కొత్తగా ఏమీ లేదండీ. జావ ఒక్కటే."

"ఎవరు కాచారు?"

నేను అమ్మవైపు చూశాను. దొంగకి తేలు కుట్టినట్టు కూర్చుని ఉంది. వేలికి చుట్టిన కొంగు విప్పి, "జావలో అరగలాసే పాలు పోశానండీ" అంది. "మనసులో భయంతోటే పడటంలేదేమో, తెలవకుండా పోస్తే పడతయ్యేమో అని. చిక్కిపోయింది కదండీ బిడ్డ."

నాకు కోపం రాలేదంటే అబద్ధం. అక్కడే అరిచి ఉండేదాన్ని. డాక్టరమ్మగారు చెయ్యెత్తి నన్ను ఆపి, అమ్మతో, "మీరు పాలు తాగుతారా అమ్మా?" అన్నారు.

"తాగనండీ."

"ఎందుకని?"

ఇది నాకు తెలిసిన కథ. అంత కోపంలోనూ నా నోటికి అలవాటైన మాట వచ్చేసింది. "మా అమ్మ ఇరవై యేళ్లుగా నాకోసమేనండీ, ఒక్క చుక్క కూడా..."

"నువ్వూరుకోవే" అంది అమ్మ. తలెత్తలేదు. "నాకూ పడవండీ."

డాక్టరమ్మగారు నెమ్మదిగా, "ఇది ఇళ్లల్లో తల్లినుంచి బిడ్డకి కూడా రావచ్చమ్మా" అన్నారు. అమ్మ రెండు చేతుల్తో మొహం కప్పుకుంది.

బయట బల్లమీద కూర్చుని చెప్పింది. నేను పుట్టకముందు ఆసామిగారి ఇంట్లో కళ్లం పనికి పోయినప్పుడు, వాళ్లావిడ జాలిపడి పెద్ద గ్లాసు నిండా పాలు పోసిందట. తాగిన కాసేపటికి అమ్మ చేలోకి పరుగెత్తింది. తిరిగొచ్చేసరికి ఆవిడ నవ్వుతూ నలుగురిలో అందట, "గంజి తాగే కడుపుకి పాలు ఎట్టా పడతాయే" అని.

"నా కడుపే తక్కువ కడుపనుకున్నానే" అంది అమ్మ. "నా బిడ్డది అట్టా కాకూడదనుకున్నా. నువ్వు గలాసు ఎత్తి తాగేస్తంటే నాకు ఎంత గర్వంగా ఉండేదో. మళ్లీ అయ్యగారు చర్చిలో అట్టా అన్నాక, కాదండీ, నాకు పడకండీ అని ఎట్టా చెప్పను? అందరూ త్యాగం అంటున్నారు. నేను ఊరుకున్నా."

ఇరవై యేళ్లు నేను ఆ త్యాగానికి రుణపడి బతికాను. అది లేదని తెలిస్తే తేలికపడాలి. నాకు మాత్రం ఆమె చేలోకి పరుగెత్తటమే కళ్లముందు కనిపించింది, నేను వరండాలో పరుగెత్తినట్టే. కోపం ఎటుపోయిందో తెలియదు. ఇద్దరం ఒకరినొకరు పట్టుకుని ఏడ్చాం. లోపలినుంచి డాక్టరమ్మగారు వేరే పేషెంటుని ఇంకో తలుపునుంచి పంపించారు, మమ్మల్ని దాటి రావక్కర్లేకుండా.

మర్నాడు పొద్దున నేను లేచేసరికి అమ్మ రుబ్బురోలు ముందు కూర్చుని ఉంది. నేను రోజూ చేసేది ఓరకంట చూసి నేర్చుకుందన్నమాట. ఆ వేరుశెనగ పాలు కాచి చల్లార్చి, పచ్చిమిరపకాయ తొడిమలు నాలుగు అందులో వేసి మూత పెట్టింది. "తోడు లేనప్పుడు మా అమ్మ ఇట్టాగే తోడేసేది" అంది. ఆ మర్నాటికి తోడుకుంది. గడ్డపెరుగంత గట్టిగా లేదు, కాస్త జారుగా ఉంది. ఉప్పేసి అన్నంలో కలిపి నాకొక ముద్ద పెట్టి, తనొక ముద్ద తిన్నది. మా అమ్మ పెరుగన్నం తినగా చూడటం నా జన్మలో అదే మొదలు. నమిలి, మింగి, కాసేపు కూర్చుంది, కడుపులో ఏమవుతుందో అన్నట్టు. ఏమీ కాలేదు. ఇంకో ముద్ద కలుపుకుంది.

గేదెని అమ్మలేదు. పాలు మాత్రం బస్సెక్కించటం మానేసింది. మా ఆయన గుండీలు మళ్లీ పట్టాయి. కండక్టరుగారు మాత్రం, "ఏమండీ, క్యాను రావట్లేదు, అమ్మాయిగారు క్షేమమేనా?" అని భయపడి ఆగి మరీ అడిగారట.

1976 ఈస్టరుకి మళ్లీ ఊరెళ్లాం. చర్చి నిండిపోయింది. ఆడవాళ్లవైపు చాపమీద అమ్మా నేనూ పక్కపక్కన కూర్చున్నాం. పాస్టరుగారు పెద్దవారైపోయారు, కానీ ప్రసంగంలో ఉదాహరణలు మారలేదు. "మన దీనమ్మని చూడండి, ఇరవై యేళ్లుగా ఒక్క చుక్క..." అని మొదలుపెట్టారు. నేను అమ్మవైపు చూడలేదు. ఆమె మోకాలు నా మోకాలికి ఆని ఉంది. తర్వాత ఆ మోకాలు పక్కన లేదు. అమ్మ లేచి నిలబడింది.

"అయ్యగారూ, తమరు చమించాలి. ఒక్క మాటండీ."

ఆయన కళ్లజోడు సర్దుకుని ఆగారు.

"నాది త్యాగం కాదండీ. నాకు పాలు పడవండీ. తాగితే కడుపు చెడుద్ది. చెప్పుకోటానికి సిగ్గేసి ఊరుకున్నా. నేను నోరిప్పి ఉంటే నా బిడ్డకి కూడా పడవని ముందే తెలిసేది. పది నెలలు చావబోయి బతికిందండీ. పడనోళ్లు ఇంకా ఎవరన్నా ఉంటే సిగ్గుపడమాకండమ్మా. అంతేనండీ."

కూర్చుంది. నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. మగవాళ్లవైపు ఎవరో దగ్గారు. పాస్టరుగారు పుస్తకంలో పేజీ వెతుక్కుంటున్నారు. ఇక అమ్మ ఈ ఊళ్లో తలెత్తుకోలేదేమో అని భయపడ్డాను.

అప్పుడు వెనక చాపమీదనుంచి, కళ్లు సరిగా కనబడని ఒక ముసలమ్మ, గుసగుస అనుకుని పెద్దగా అంది. "దీనమ్మా, మరి నువ్వేం పోసుకుంటన్నావే అన్నంలోకి? నాకూ పడి చావవు, యాభై యేళ్ల బట్టీ."

ఇంకో మూల నుంచి, "మా చిన్నకోడలికీ అంతే" అని ఒక గొంతు. దాని పక్కనుంచి ఇంకొకటి. పాస్టరుగారు పుస్తకం మూసి, వేలు మధ్యలో పెట్టుకుని, ఓపిగ్గా నిలబడ్డారు. అమ్మ ఒకసారి ఆయనవైపు చూసింది, ఒకసారి నావైపు చూసింది. తర్వాత చాపమీదే వెనక్కి తిరిగి కూర్చుంది.

"వేరుశెనగ గుళ్లు రాత్రే నానేసుకోవాలమ్మా" అంది, ఈసారి తలెత్తి, చర్చి అంతా వినపడేట్టు.